వానకివ్వని దారం

నదిలో మునిగింది ఎవరన్న విషయం మీద మూడో తరగతి పిల్లలు కొట్టుకున్నారు.

మెట్ల దగ్గర మొదలైందట. నా క్లాసు పిల్లాడి చొక్కా గుండీలు ఊడిపోయాయి. పక్క క్లాసు పిల్లాడి మొహం నిండా సిరా. ఇద్దరినీ చెరో చేత్తో పట్టుకుని తాన్ యున్‌షూ టీచర్ స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడింది.

“రువాన్ మాస్టారూ, దువాన్‌వూ పండుగ ఎవరి వల్ల వచ్చిందని చెప్పారు మీ పిల్లలకి?”

“త్సావ్-ఎ వల్ల.”

“చూ యువాన్ వల్ల కాదూ?”

“మా ఊళ్లో కాదు.”

“దేశమంతా ఒకటి చెప్తుంటే మీ ఊరికి వేరే కథా?”

“మా నదికి ఆ పిల్ల పేరే ఉంది టీచర్ గారూ. మీరు రోజూ ఆ వంతెన దాటే బడికి వస్తారు.”

సిరా మొహం వాడు ఎగిరాడు. “మా చూ యువాన్ మంత్రి! రాజ్యం పోయిందని దూకాడు!”

“మా అమ్మాయి వాళ్ల నాన్న కోసం దూకింది! మీ మంత్రిని ఎవరూ తోయలేదు కూడా!”

“మన అమ్మాయినీ ఎవరూ తోయలేదురా,” అన్నాను.

“ఇద్దరూ నోరు ముయ్యండి,” అంది తాన్ టీచర్. “పోయినవాళ్ల గురించి మీరెందుకు కొట్టుకోవడం? దానికి మేమున్నాం.”

పిల్లలు నవ్వేసి పరుగెత్తారు. ఆమె మాత్రం అక్కడే నిలబడింది. గొడవ ఇంకా అయిపోలేదని ఆ నిలబడటంలోనే తెలిసింది.

ఆమెది హునాన్‌లో మీలువో. చూ యువాన్ మునిగిన నది ఒడ్డు. ఏడాది పాటు పాఠాలు చెప్పడానికి మా బడికి శరదృతువులో వచ్చింది. అప్పుడు ఆమెను నేను సరిగా చూడలేదు. ఆ కాలంలో నేను దేన్నీ సరిగా చూడలేదు. అంతకుముందు ముసురు రోజుల్లోనే మా అమ్మ పోయింది.

చలికాలంలో ఆమె నా పక్క బల్ల దగ్గరికి మారింది. చేతులు గడ్డకట్టుకుపోతున్నాయని, తన ఊళ్లో ఇంత చలి ఉండదని, మా వంటలో మిరపకాయ వేయడం మర్చిపోతారని రోజుకోసారి గొణిగేది. అబద్ధం. మీలువోలోనూ చలే. ఆమె బల్ల మీది ఫ్లాస్కులో పొద్దున్నే వేడినీళ్లు నింపి పెట్టడం నాకు అప్పుడే అలవాటైంది. ఎవరు నింపుతున్నారని ఆమె అడగలేదు. నేను చెప్పలేదు.

సిరా గొడవ హెడ్మాస్టర్ లౌ గారి దాకా వెళ్లింది. ఆయన మమ్మల్ని పిలిచి, టీ కప్పు మీద మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టి తీర్పు చెప్పారు.

“పండుగ ముందు రోజు సభలో మీరిద్దరూ కలిసి కథ చెప్పాలి. ఒక్క కథ. రెండు చెప్పారంటే ఈసారి తల్లిదండ్రులు కొట్టుకుంటారు.”

“ఏ కథ సార్?” అంది తాన్ టీచర్.

“అది మీరే తేల్చుకోండి. ఆ ఉదయమే భోజనశాలలో పిల్లలతో ఆకుల్లో బియ్యం నింపి జోంగ్జీ చుట్టించాలి, అందరు టీచర్లూ ఉండాలి. ఆ, ఇంకోటి తాన్ టీచర్. మీ ఊరి బడి వాళ్లు మళ్లీ ఫోన్ చేశారు. ఉంటారా, వెళ్తారా? ఉంటే ఇంకో మూడేళ్లు. పండుగ సెలవు అయ్యేలోపు చెప్పాలమ్మా.”

“చెప్తాను సార్,” అందామె. కిటికీ వైపు చూస్తూ అంది. కిటికీ పక్కన ఉన్నది నేనే.

ఇంటికి వెళ్లాక ఆ మాట నన్ను వదల్లేదు. ఆమె వెళ్తే ఫ్లాస్కు నింపక్కర్లేదు. అంతే కదా అని చెప్పుకున్నాను. కానీ పొద్దున లేచి బడికి వెళ్లాలనిపించడానికి ఈమధ్య అదొక్కటే కారణమని ఆ రాత్రే మొదటిసారి ఒప్పుకున్నాను. ఆమెను ఉండమని అడగాలి. ఎలా అడుగుతారో నాకు తెలియదు. క్లాసులో అరగంట ఆపకుండా మాట్లాడగలను. ఇంట్లో ఏడాదిగా గట్టిగా ఒక్క మాట అనలేదు, వినేవాళ్లు లేరు కనుక.

మర్నాడు బడి వదిలాక ఆమె నా బల్ల మీద వేలితో కొట్టింది.

“పదండి. మీ త్సావ్-ఎ గుడి చూపించండి. శత్రువు ఎవరో తెలియకుండా యుద్ధం చేయలేను.”

నది గట్టు మీదుగా నడిచాం. ఆ ఏడు ముసురు ఆలస్యమైంది. ప్లమ్ పళ్లు పండి రాలుతున్నాయి కానీ చినుకు లేదు. నది ఒడ్డు నుంచి బాగా కిందికి దిగిపోయింది. దారి పొడవునా ఆడవాళ్లు మాచిపత్రి, వస కట్టలు కట్టి అమ్ముతున్నారు. యున్‌షూ ఒక కట్ట కొని, వాసన చూసి, తుమ్మింది.

“చెప్పండి. మీ కథేంటి?”

“వాళ్ల నాన్న దేవతలను పాటలతో పిలిచేవాడు. ఐదో నెల ఐదో రోజు అలల దేవుణ్ని ఆహ్వానించడానికి నదిలో ఎదురెళ్లాడు. పడవ తిరగబడింది. శవం దొరకలేదు. పద్నాలుగేళ్ల పిల్ల పగలూ రాత్రీ గట్టు వెంబడి ఏడుస్తూ తిరిగింది. చివరికి దూకేసింది. కొన్ని రోజులకు తండ్రిని పట్టుకునే పైకి తేలింది.”

ఆమె కట్టను ఇంకో చేతికి మార్చుకుంది.

“దీన్ని పండుగ చేసుకుంటారా మీరు?”

“మీ మంత్రిగారు రాయి పట్టుకుని నదిలోకి నడిచారు. మీరు డోళ్లు కొట్టి పడవ పందేలు పెడతారు.”

“అవి పందేలు కావు మాస్టారూ!” అంది కోపంగా. తర్వాత గొంతు తగ్గించింది. “మా నాయనమ్మ చెప్పేది. ఆ పడవలు ఆయన్ని వెతకడానికి వెళ్లినవి. ఎవరి పడవ ముందు చేరుతుందా అని తెడ్లు వేశారు. దొరకలేదు. చేపలు ఆయన జోలికి పోకుండా అన్నం ముద్దలు నీళ్లలో వేశారు. డోలు కొట్టింది చేపల్ని బెదిరించడానికి. ఇప్పుడు గెలిచినవాళ్లకు కప్పు ఇస్తారు. ఆ కప్పు ఇచ్చేటప్పుడు నాయనమ్మ మొహం తిప్పేసుకునేది.”

“మీ నాయనమ్మ మా ఊళ్లో పుట్టాల్సింది.”

“ఆవిడ వింటే మిమ్మల్ని తెడ్డుతో కొట్టేది.”

వంతెన మీద ఆగి ఆమె జడ సర్దుకుంది. నేను మాచిపత్రి కట్ట పట్టుకోవడానికి చేయి చాచాను. చొక్కా చేయి పైకి జరిగింది. ఆమె చూపు నా మణికట్టు మీద ఆగింది.

అది దారం. ఐదు రంగులు పేని దువాన్‌వూ రోజు కట్టే దారం. ఒకప్పుడు ఐదు రంగులు. ఇప్పుడంతా ఒకే మట్టిరంగు.

“పోయినేడాదిదా?”

“అవును.”

“మా ఊళ్లో పండుగ తర్వాత తొలి వానకు తెంపి నీళ్లలో వదిలేస్తారు. ఒంటి మీది జబ్బులు దానితో పోతాయని.”

“మా ఊళ్లోనూ అంతే.”

“మరేం? ఏడాదిగా మీకు వాన పడలేదా?”

“పడింది.”

ఆమె నవ్వింది, కానీ కళ్లు నవ్వలేదు. “అయితే ఎవరో గట్టిగానే కట్టారు.”

చెప్పొచ్చు. రెండు మాటలు. కానీ మా ఊళ్లో అందరికీ తెలుసు కనుక ఆ మాట తెలియని మనిషికి చెప్పాల్సిన అవసరం నాకు అంతవరకూ రాలేదు. నోట్లో ఆ మాట ఎలా ఉంటుందో కూడా తెలియదు.

“దగ్గరివాళ్లు,” అన్నాను.

“ఓ.”

ఆ కట్ట మళ్లీ తానే తీసుకుంది. గుడికి వెళ్లాం. విగ్రహం ముందు ఆమె మూడు అగరుబత్తులు వెలిగించి పద్ధతిగా వంగింది. బయటకొచ్చాక మాత్రం ముక్తసరిగా మాట్లాడింది. కథ సంగతి తేల్చకుండానే, తలనొప్పిగా ఉందని చెప్పి, వంతెన మీద నాకంటే ముందు నడిచి వెళ్లిపోయింది.

పండుగ ముందు రోజు ఉదయం భోజనశాలలో పొడవాటి బల్లల మీద వెదురాకులు, నానిన జిగురు బియ్యం, సోయా రసంలో ఊరిన పందిమాంసం పరిచారు. ఒక మూలగా మరో గిన్నె. అందులో మాంసం లేదు, రేగుపళ్లు లేవు, ఉత్త బియ్యం.

“ఇదేంటి టీచర్, ఇందులో ఏమీ లేదు?” అంది ఒక పిల్ల.

“మీలువో పద్ధతి. ఉడికాక చక్కెరలో అద్దుకుని తినాలి.”

“యాక్! తీపి జోంగ్జీనా?”

“యాక్ అన్నవాళ్లకు రెండు పెడతాను,” అంది తాన్ టీచర్.

వంటశాల చూసుకునే ఫెంగ్ అత్త ఆకును గరాటులా మడిచి, బియ్యం నింపి, దారం పళ్లతో పట్టుకుని బిగిస్తుంటే పిల్లలు నోళ్లు తెరిచి చూస్తున్నారు. నేను గోడ పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.

“రువాన్ మాస్టారూ! ఇలా రండి,” యున్‌షూ పిలిచింది. రెండు ఆకులు నా ముందు చాచింది. “మీ క్లాసు పిల్లలు చూస్తున్నారు.”

“మీరు కానివ్వండి.”

“చేతులు జిగురవుతాయనా?”

“అది కాదు. నేను చుట్టకూడదు.”

“ఎందుకని? మీలువో బియ్యం ముట్టుకుంటే త్సావ్-ఎ కోప్పడుతుందా?”

పిల్లలు గొల్లుమన్నారు. ఆమె కూడా నవ్వుతోంది. కానీ ఆకులు పట్టుకున్న చేయి కిందికి దించలేదు. వంతెన మీద నేను చెప్పని జవాబు ఇప్పుడు అందరి ముందూ అడుగుతోందని నాకు అర్థమైంది. బియ్యం కడిగిన నీళ్ల వాసన, తడి ఆకుల వాసన. అమ్మ వంటింట్లో ఈ రోజు ఇదే వాసన ఉండేది.

“క్షమించండి,” అని బయటకు వచ్చేశాను.

వెనక ఆమె “సరేలెండి, మాస్టారికి మన పొత్తు వద్దట,” అనడం వినిపించింది. ఆ తర్వాత ఫెంగ్ అత్త గొంతు వినిపించింది, నవ్వు లేకుండా. “అమ్మాయ్, నువ్వొకసారి ఇటు రా.”

మధ్యాహ్నం సభ. మేమిద్దరం మైకు ముందు పక్కపక్కన నిలబడ్డాం. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. నా వైపు చూడలేదు. ముందు తన కథ చెప్పింది. తర్వాత నేను నాది చెప్పాను. ఒక్క కథ చెప్పమన్నారని అప్పుడు ఇద్దరికీ గుర్తు లేదు. లౌ గారు తల పట్టుకున్నారు.

సిరా మొహం పిల్లాడు లేచాడు. “సార్, ఇంతకీ పండుగ ఎవరిది?”

రెండు వందల మొహాలు నన్నే చూస్తున్నాయి.

“ఈ రోజు వాళ్లిద్దరికంటే పాతది,” అన్నాను. “ఎండలు ముదిరి, పురుగూ పుట్రా లేచే నెల ఇది. అందుకే గుమ్మానికి మాచిపత్రి కట్టారు, చేతికి దారం కట్టారు. మనవాళ్లు మనకు మిగలాలని. కొందరు మిగల్లేదు. ఒకచోట మంత్రి, ఒకచోట కూతురు, సూచౌ వైపు అడిగితే నదిలో పడేసిన ఒక సేనాని పేరు చెప్తారు. నది ఏదైనా గట్టు మీద ఉన్నవాళ్లు చేసింది ఒకటే. పడవలేసుకుని వెతికారు. ప్రాణంతో ఎవరూ దొరకలేదు. అయినా ఉత్త చేతులతో నిలబడలేక అన్నం మూట కట్టారు. ఈ పండుగ మునిగినవాళ్లది కాదు. గట్టు మీద మిగిలిన…”

మైకులో నా ఊపిరి మాత్రమే వినిపిస్తోంది.

“గట్టు మీద మిగిలినవాళ్లది,” అంది యున్‌షూ. మైకు తన వైపు తిప్పుకుంది. “మిగిలినవాళ్లు ఒకరికొకరు అన్నం పెట్టుకోవాలి. అందుకే జోంగ్జీ. ఇదే రువాన్ మాస్టారూ నేనూ చెప్పాలనుకున్న ఒక్క కథ. ఇక మీదట సిరా పోసుకుంటే ఇద్దరికీ బెత్తం దెబ్బలు.”

పిల్లలు చప్పట్లు కొట్టారు. జనం కదిలేసరికి ఆమె ఎటు వెళ్లిందో కనిపించలేదు.

పండుగ రోజు ఇల్లు మరీ నిశ్శబ్దంగా అనిపించింది. చావు జరిగిన ఇంట్లో ఆ మొదటి పండుగకు జోంగ్జీ చుట్టరు. దగ్గరివాళ్లు తెచ్చి పెట్టాలి. మా పిన్ని తేవాల్సింది, కానీ కూతురి కాన్పుకని నింగ్బో వెళ్లింది. మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు. ఇరుగుపొరుగు పిన్ని తెస్తుందనుకుని ఉంటారు. అమ్మ ఫొటో ముందు ఉత్త పళ్లెం పెట్టి, ఏం చేయాలో తోచక తుడిచిన బల్లనే మళ్లీ తుడిచాను. ఆకాశం నల్లగా కమ్ముకుంది.

తలుపు చప్పుడైంది.

యున్‌షూ. ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో గుడ్డ కప్పిన బుట్ట. మొహం నిండా చెమట. వేళ్ల కొసలు ఆవిరికి ఎర్రగా కందిపోయాయి.

“లోపలికి రావచ్చా అని అడగకూడదట. ఫెంగ్ అత్త చెప్పింది. తెచ్చినవాళ్లను మీరే పిలవాలట.”

“రండి.”

“థాంక్స్ కూడా చెప్పకూడదట. తిరిగి ఏమీ ఇవ్వకూడదట. అందుకని నోరు మూసుకుని తీసుకోండి.”

బుట్ట విప్పితే పది పన్నెండు జోంగ్జీలు. సగం మీలువోవి, సగం మా ఊరివి. మా ఊరివి మాత్రం ఒక్కటీ నిటారుగా లేదు. ఆకు చీలి బియ్యం బయటికొచ్చినవి, దారం నాలుగు చుట్లు ఎక్కువ పడినవి.

“మాంసంవి నాకు రావు,” అంది. “పొద్దున నాలుగింటి నుంచీ ఫెంగ్ అత్త తిడుతూనే ఉంది.”

నేను చీలిన ఆకు ఒకటి వేలితో సర్దాను.

“నిన్న అందరి ముందూ అలా అన్నాను. నాకు తెలియదు మాస్టారూ. ఎవరూ చెప్పలేదు. మీరైనా…”

“నేనే చెప్పలేదు.”

“ఆ దారం మీ అమ్మగారు కట్టిందా?”

“ఆసుపత్రిలో. పడుకునే కట్టింది. ముడి సరిగా పడలేదని రెండుసార్లు విప్పి మళ్లీ కట్టింది. తర్వాత తొలి వాన ఆమెను శ్మశానానికి తీసుకెళ్లిన రోజే పడింది. తెంపాలని తెలుసు. నా వల్ల కాలేదు.”

ఎంత చిన్న మాటలు. చెప్పేశాక గదిలో ఏదీ కూలిపోలేదు.

ఆమె ఫొటో ముందుకు వెళ్లి వంగింది. “మీ అమ్మగారికి ఏది ఇష్టం? మాంసందా, చక్కెరదా?”

“మాంసంది. తీపి జోంగ్జీ అంటే పడదు. అవి తినేవాళ్లకు నాలుక లేదనేది.”

“అయితే నా పని కష్టమే,” అంది ఫొటోతో. అన్నాక చెవుల దాకా ఎర్రబడింది. “అంటే… పళ్లెంలో పెట్టడం గురించి అంటున్నాను.”

నాకు నవ్వొచ్చింది. ఆ ఇంట్లో నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది.

ఇప్పుడు అడగకపోతే ఇక అడగనని తెలుసు. సెలవు ఆ సాయంత్రంతో అయిపోతుంది.

“తిరిగి ఏమీ ఇవ్వకూడదన్నారు. అది ఈ ఏటి మాట. దుఃఖం తీరాక చుట్టొచ్చు. అప్పుడు మీకు చుట్టి తేవాలనుంది. ఎక్కడికి తేవాలి? మీలువోకైతే రైల్లో చల్లారిపోతాయి.”

ఆమె గొడుగు మడతలు సర్దుతూ ఉండిపోయింది. “ఎక్కడికి తేవాలనుంది మీకు?”

“ఇక్కడే వడ్డించాలనుంది. ఈ బల్ల మీద. మీరు వెళ్లకపోతే.”

“ఇంకోసారి చెప్పండి.”

“వెళ్లకండి యున్‌షూ.”

పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. ఆమె తల దించుకుంది. తల ఎత్తేసరికి కళ్లలో నీళ్లు, పెదాల మీద పాత అల్లరి.

“హెడ్మాస్టరు గారికి నిన్న సభ అయిపోగానే చెప్పేశాను, ఉంటానని. మీరు నోరు విప్పుతారో లేదో చూద్దామని ఆగాను. చలికాలం నుంచి నా ఫ్లాస్కు దానంతట అదే నిండుతోందని నేను నమ్మాననుకున్నారా?”

చూరు మీద మొదటి చినుకు పడింది. తర్వాత వీధంతా ఒక్కసారిగా చప్పుడు. ఎదురింటివాళ్లు ఆరేసిన బట్టల కోసం పరుగెత్తుతున్నారు. ముసురు వచ్చేసింది.

నేను మణికట్టు వైపు చూశాను. ఆమె చూసింది. వెళ్లి అమ్మ కుట్టుపెట్టె మీది కత్తెర తీసుకుని నా పక్కన నిలబడి, పిడి నా వైపు తిప్పి పట్టుకుంది. ఇవ్వలేదు, చాచలేదు. ఊరికే పట్టుకుంది.

తీసుకున్నాను. గుమ్మం ముందు గొడుగు పట్టింది. ముడి దగ్గర కాదు, దాని పక్కన కత్తిరించాను. అమ్మ వేసిన ముడి ముడిగానే ఉంది. అలాగే నీళ్లలో వదిలాను. వీధి కాలువ అంచున రాయికి తగులుకుని ఆగింది.

“కదపనా?” అంది మెల్లగా.

“వద్దు. దాన్నే వెళ్లనివ్వండి.”

ఒక్క గొడుగు కింద సగం తడుస్తూ నిలబడ్డాం. నీళ్లు పెరిగాయి. దారం ఒకసారి తిరిగి, రాయి దాటి, వీధి చివర మలుపులో నది వైపు జారిపోయింది.

నా మణికట్టు మీద ఎండ సోకని చోట తెల్లటి గీత మిగిలింది. యున్‌షూ దాని మీద బొటనవేలు పెట్టింది. “ఇదీ పోతుంది కొన్నాళ్లకు.”

“తొందరేం లేదు.”

“లేదు,” అంది.

లోపలికి వచ్చి ఫొటో ముందు పళ్లెంలో వంకరగా ఉన్న మాంసం జోంగ్జీ ఒకటి విప్పి పెట్టాను. పక్కనే మీలువోది ఒకటి. యున్‌షూ చక్కెర డబ్బా మూత తీసి, వేయాలా వద్దా అన్నట్టు నా వైపు చూసింది.

అమ్మకు తీపి పడదు. అయినా డబ్బా అందుకుని, ఆ రోజు చక్కెర కొంచెం ఎక్కువే వేశాను.